సోమవారం నుంచి

లాలాపేటలో ముప్పై ఒక్క ఏళ్లుగా బియ్యం అమ్ముతున్నాను.
బస్తాకి చువ్వ గుచ్చి, నాలుగు గింజలు లాగి,
ఒకటి పంటికింద కొరికి
పాతవో కొత్తవో, తేమెంతో, నూకెంతో
మూతి కుట్టు విప్పకుండానే చెప్పేస్తాను.

కొత్తపేట డాక్టరమ్మ షాహిదా
నా వేలికి సూది గుచ్చి, ఒక్క బొట్టు లాగి
నా బస్తా సంగతంతా చెప్పేసింది.

"అన్నం మానాలి" అంది.
"రేపే మానకండి" అని కూడా అంది.
"ముందు తయారవ్వండి.
మాత్ర ఎప్పుడు తగ్గించాలో నేను చెబుతాను, మీరు తగ్గించుకోవద్దు.
ఇంట్లో చెప్పండి. కళ్లెదుట ఉన్నవి తీసెయ్యండి.
మొదటి మూడు రోజులూ తల దిమ్ముగా ఉంటుంది.
ఉప్పేసిన మజ్జిగ తాగండి.
తేదీ పెట్టుకుని నాకు చెప్పండి."

తేదీ పెట్టడమంటే
పెళ్లికో గృహప్రవేశానికో అనుకున్నానిన్నాళ్లూ.
సోమవారం అన్నాను.
అమావాస్య వెళ్లనీ అంది కోటేశ్వరి.
సరే, అమావాస్య వెళ్లాక వచ్చే సోమవారం.

ముందు మాట దగ్గర తయారవ్వాలి.
మా వీధిలో ఎదురైన ప్రతివాడూ "భోంచేశావా" అంటాడు.
రెండు గుడ్లు, ఓ గిన్నెడు వంకాయ కూర,
గుప్పెడు వేరుశనగ గుళ్లు తిన్నవాడు ఏమనాలి?
తిన్నానంటే అబద్ధం చెప్పినట్టుంటుంది.
అన్నం తినలేదంటే
జాలిపడి లోపలికి పిలిచి ఆకు వేస్తారు.

తర్వాత గోంగూర.
జాడీ నిండా ఉంది, మొన్ననే నూరింది.
దాన్ని దేంతో తినాలో
డాక్టరమ్మ కాగితంలో లేదు. రెండు వైపులా చూశాను.
రాత్రి దీపం వెయ్యకుండా వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను.
ఎక్కడ కూర్చోవాలో తెలీక
అటూ ఇటూ తిరిగింది పాపం,
పీట వెయ్యని ఇంటికొచ్చిన పేరంటాల్లాగా.

కొట్లో మస్తాను మాత్రం తేలిగ్గా తీసుకున్నాడు.
"మిఠాయి కొట్టాయన లడ్డూ తింటాడా బాబాయ్,
ఊరికే దిగులుపడతావ్."
లడ్డూ వేరు, అన్నం వేరు అందామనుకున్నాను.
బేరం వచ్చింది.

శనివారం పొద్దున్నే అరండల్‌పేట వెళ్లాను,
ఇడ్లీ బండి వీరాంజనేయులుకి
ఇక రానని చెబుదామని.
చెప్పడానికి నోరు ఖాళీ లేక
ఆరు తిని వచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం
డ్రమ్ము ముందు కూర్చున్నాం ఇద్దరమూ.
"నాకొక్కదానికి చిన్న డబ్బా చాలు" అంది కోటేశ్వరి,
అంటూనే మూత మీద చెయ్యి తియ్యలేదు.
"నువ్వు లే, నేను చూసుకుంటా."
లేవలేదు నేను.
సోలతో తోడి, గిన్నెతో తోడి,
చివరికి పక్కకి వంచితే
బియ్యంతో పాటు జారిపడింది
రబ్బరు బ్యాండేసిన నల్ల కవరు.

ఐదొందల నోట్లు.
వాటి మధ్య, ఎప్పుడో చెల్లకుండా పోయిన
పాత వెయ్యి నోట్లు నాలుగు.
వాటిని మార్చే రోజుల్లో
బ్యాంకు ముందు వరసలో నేనూ నిలబడ్డాను, తిట్టుకుంటూ.
ఈమె అప్పుడు వంటింట్లో ఉంది,
నాతో చెబితే ఎక్కడ దాచిందో చెప్పాలి కదా.

ఊళ్లో బస్తాలన్నిటి లోపలా తెలిసినవాణ్ణి
ఆ నాలుగు నోట్లనీ చేతిలో పట్టుకుని కూర్చున్నాను.
లాక్కుంది. మిగతావి లెక్కపెట్టింది, నాకు వినపడకుండా.
"కొత్త చోటు నీకు చెప్పను" అంది.
"చెప్పొద్దు" అన్నాను.

రాత్రికి
ఉప్పు ప్యాకెట్టు, రెండు డజన్ల గుడ్లు, డాక్టరమ్మ కాగితం
అలమర్లో వరసగా పెట్టాను,
పరీక్షకి పెన్సిళ్లు చెక్కుకున్న పిల్లాడిలా.
గట్టు మీద అన్నం ఉడుకుతోంది,
డ్రమ్ము అడుగున మిగిలిన గిద్దెడు బియ్యం.
"దేంతో కలపను?" అంది.
గోంగూర అన్నాను.

ముద్ద పెద్దదే చేసింది.
నమిలాను. మెల్లగా నమిలాను.
ఎవరూ అడక్కపోయినా
"పాత బియ్యం, మంచివే" అని చెప్పాను.