పుటప్

"వేర్ ఆర్ యూ పుటప్?" అన్నారు
ప్యారిస్ కార్నర్ ఆఫీసులో తిరుజ్ఞానం సారు,
నా సర్టిఫికెట్ల మీంచి కళ్ళెత్తకుండానే.

పుట్ అంటే పెట్టు. అప్ అంటే పైన.
నాయుడుపేట హైస్కూల్లో అంతవరకే చెప్పారు.
నన్ను పైన పెట్టిందెవరా అని
ఒక్క క్షణం ఫ్యాను వంక చూశాను.
తర్వాత ఉన్నదే చెప్పాను:
"మూడో అంతస్తు సార్, ట్రిప్లికేన్‌లో.
మేడ మీద రేకుల గది."
ఆయన తలూపి రాసుకున్నారు.
తప్పు దారిన పోయినా ఇల్లు చేరాను.

మొదటి వారమే మళ్ళీ ఎదురైందా మాట.
"ఫైలు పుటప్ చేశావా?"
హార్బరు బిల్లులు, కస్టమ్స్ చలాన్లు
ఆకుపచ్చ దారాలతో కట్టి కట్టి
కింది బల్ల నుంచి పై బల్లకి.
సంతకాలన్నీ పైనుంటాయి,
ట్యాగు ముల్లు గుచ్చుకున్న వేళ్ళు కిందుంటాయి.

అక్టోబరు వానకి గొడుగు పుటప్.
లిఫ్టు పనిచేయదని నోటీసు పుటప్.
ఆయుధపూజకి గుమ్మానికి అటూ ఇటూ అరటిచెట్లు పుటప్.
ఒక్క మాట ఇన్ని కొంపలెలా తిరుగుతుందని వింతపడి
మా పెట్టు వైపు చూసుకున్నాను.
అదేమన్నా తక్కువ తిన్నదా!
మా అమ్మమ్మ ఒక్క పొద్దుటే
ఎసరు పెట్టి, పిన్నికి చీవాట్లు పెట్టి,
నాకు దిష్టిచుక్క పెట్టి, పాలవాడితో పేచీ పెట్టి,
తాతయ్యకి మాత్రం ఏమీ పెట్టకుండా ముఖం ముడుచుకు కూచునేది.

అకౌంట్స్ డోరిన్ గారిది పెరంబూరు,
రైల్వే క్వార్టర్సులో పెరిగిన ఇంగ్లీషు.
సారు ఓరోజు చలాను నా మొహాన విసిరికొట్టారు.
తప్పు నాది కాదు.
డోరిన్ గారి బల్ల దగ్గర నిలబడి
"ఐ కాంట్ పుటప్" అన్నాను.
ఆమె ముందు రుమాలిచ్చారు, తర్వాత వ్యాకరణం:
"విత్, చైల్డ్. పుటప్ విత్.
విత్ లేకపోతే అర్థమే మారిపోతుంది."

విత్ అంటే తో. తోడు.
ఓర్చుకోడానికి కూడా వాళ్ళ భాషకి తోడు కావాలి.
మా ఇంటి ఆడవాళ్ళు
ఆ రెండక్షరాలూ లేకుండానే కానిచ్చేశారు.

ఆ రాత్రి రేకుల మీద వాన,
నిద్ర రాక ఇంకోటి తోచింది.
వాళ్ళ ఓర్పు పైకి పోతుంది.
మనది పడుతుంది.
మాట పడ్డాను, నింద పడ్డాను,
పాట్లు పడ్డాను, అంటాం.
అన్నీ పడి పడి
ఇంక పడను అని లేస్తే
దాన్ని నిలబడటం అంటాం.
అందులోనూ ఆ పడటం నక్కి ఉంది, గమనించారా?

మర్నాడు అదే చలాను, తప్పెవరిదో
ఎర్ర పెన్నుతో సున్న చుట్టి, బల్ల మీద పెట్టాను.
"ఏమిటిది?"
"పుటప్ చేశాను సార్."
రెండుసార్లు చదివారు. సంతకం పెట్టారు.
నాలుగింటికి టీ నా బల్లకే ముందొచ్చింది.
దాన్ని క్షమాపణ అనను. టీ, అంతే.
చక్కెర కొంచెం ఎక్కువైంది.

ఏడేళ్ళయింది.
పోయిన ఆదివారం మా ఇంటి గోడకి బోర్డు పుటప్ చేశారు,
పైన అరవంలో, కింద ఇంగ్లీషులో.
నేను మెట్లెక్కుతూ తెలుగు చేసుకున్నాను: అమ్మబడును.
అక్కడా వదల్లేదది.

స్టవ్వూ, పరుపూ, అమ్మమ్మ ఇంగువ డబ్బా
ఆటోలో వేసుకుని పెరంబూరు వెళ్ళాను.
నేలమట్టం ఇల్లు, వీధివైపు గది.
ఇవాళ పర్సనల్ ఫారంలో కొత్త అడ్రసు దగ్గర
నిండు వాక్యం రాశాను,
విత్ మర్చిపోకుండా:
ఐ యామ్ పుటప్ విత్ మిస్ డోరిన్.

ఆమె చదివి దగ్గొచ్చేదాకా నవ్వారు.
"కొట్టెయ్, చైల్డ్! నన్ను భరిస్తున్నావనుకుంటారు."

కొట్టెయ్యలేదు.
ఆమెకి గురక, నాకు ఇంగువ.