లాభం, రెండు, మూడు

ముప్పై ఒక్కేళ్ళు
తూనికలూ కొలతల శాఖలో పనిచేశాను.
తాళ్ళరేవు నుంచి ముమ్మిడివరం దాకా
రొయ్యల కాటాలకీ, కిరసనాయిలు కొలపాత్రలకీ
సీసం ముద్ర కొట్టిన చెయ్యి ఇది.

రిటైరైన డబ్బులో కొంత తీసి
కోరంగిలో ఒక తెరచాప నావ కొన్నాను.
పద్దెనిమిది అడుగులు. అడుగు టేకు, పక్కలు మామిడి.
ఇంట్లో ఏమన్నారో ఇక్కడ రాయను.

ఎక్కిన మొదటి పొద్దే అడిగాను
ఎంత వేగం? అని.
కొలవని దాని మీద కూర్చోడం
నాకు అలవాటు లేదు.

కాకినాడ నుంచి చక్రం మీటరు తెప్పించి
నావ అడుగున బిగించాను.
మూడు రోజులు గిర్రున తిరిగింది.
నాలుగో రోజు గుర్రపుడెక్క వేరు చుట్టుకుంది.
నెల తిరిగేసరికి
గుల్లలు కాపరం పెట్టాయి.
ఇప్పుడు సున్నా చూపిస్తోంది,
అదీ కొంచెం వణుకుతూ.

ఫోను బాగానే చెప్పింది.
ఎండకి అద్దం నల్లబడింది, తడి వేలికి పలకలేదు,
అయినా ముద్ర వెయ్యదగ్గదే అనుకున్నాను.

కానీ మనసు తాడు మీదకి పోయింది.
పాత ఓడల వాళ్ళ తాడు.
కొసకి ఒక చెక్క పలక,
పదిహేను మీటర్ల నలభై మూడు సెంటీమీటర్లకి ఒక ముడి.
అర నిమిషంలో ఎన్ని ముళ్ళు చేతిలోంచి జారితే
అంత వేగం.

ముళ్ళెయ్యమని
వలలు బాగుచేసే కామాడి ధనమ్మ దగ్గరికి వెళ్ళాను.
ఆవిడ చేతులు బార్లా చాపింది.
"ఎనిమిది బారలా, ఎనిమిదిన్నరా?"
టేపు తెస్తానన్నాను.
"నలభై ఏళ్ళయి ఈ చేతులు ఇంతే ఉన్నాయండి.
మీ టేపు ఎండకి సాగుద్ది."

వేసిన ముళ్ళని ఇంటికెళ్ళి కొలిచాను.
నా వృత్తిలో అయితే జరిమానా.

తాడు ఇచ్చేటప్పుడే అడిగింది ఎందుకని.
చెప్పాను. నవ్వలేదు.
మర్నాడు నావెక్కి
ఒక కొబ్బరి డొక్క ముక్కు దగ్గర నీళ్ళలో వదిలి
చుక్కాని దాటేదాకా లెక్కపెట్టింది.

"లాభం... రెండు... మూడు."

ఒకటి అనలేదు.
కల్లాల్లో ధాన్యం కొలిచే నోళ్ళలో విన్న మాట అది.
ముద్ర లేని ఆ కుంచాలు
ఎన్ని జప్తు చేశానో.
మూడు కుంచాలు ఒకసారి, ఒక ముసలాయన చూస్తుండగా.

పద్దెనిమిది అడుగులు, మూడు లెక్కలు.
ఫోను తీసి చూశాను. సరిపోయింది.
ఆవిడతో అనలేదు.

అసలు తగువు ఆ సాయంత్రం.
తిరిగొస్తుంటే పాటు మొదలైంది.
ఏరంతా సముద్రం వైపు జారుతోంది,
మేము ఎదురు.
చాప నిండా గాలి, ముక్కు దగ్గర నురగ,
డొక్క మళ్ళీ మూడు లెక్కల్లో దాటింది.
పక్కనే ఒక మడచెట్టు,
కొమ్మ మీద లకుముకి పిట్ట.
పావుగంట తర్వాత కూడా
అదే కొమ్మ, అదే పిట్ట.

ఫోను సున్నా అంది.
తాడు వదిలాను. మూడున్నర ముళ్ళంది.

రెండు కాటాలు రెండు మాటలంటే
ఒకటి దొంగది.
ముప్పై ఒక్కేళ్ళు అలాగే తేల్చాను.
ఇక్కడ దేన్ని పట్టుకెళ్ళను?
నీళ్ళని చూస్తే పరుగు,
గట్టుని చూస్తే నిలుపు.
మధ్యలో చుక్కాని పట్టుకుని
నేనూ, నా చెమటా.

"పిట్టకి మొహమాటంగా ఉన్నట్టుంది,
లంగరెయ్యండి" అంది ధనమ్మ.
"పోటు తగిలాక ఎల్దాం."

చాప దించాం. నావ తాడు లాక్కుని నిలబడింది.
గిన్నె విప్పింది. చద్దన్నం, ఎండు మెత్తళ్ళు.
తింటూ తింటూ
ఎందుకో నేనే ఒక డొక్క
ముక్కు దగ్గర వదిలాను.

లాభం.
రెండు.
మూడు.
నాలుక్కి చుక్కాని దాటి
చీకట్లోకి పోయింది.

లంగరేసిన నావకి వేగం.
పుస్తకం తీసి రాసుకున్నాను,
తేదీ, గాలి, పాటు, నాలుగు.
ముద్ర కోసం జేబు తడుముకుంది
నా చెయ్యి, పాత అలవాటుకొద్దీ.
మెత్తళ్ళ ఉప్పు
కాగితానికంటింది.