ఒండ్రు గీత

కృపావతి టీచరు బొమ్మ తెస్తే
టేపు పట్టడానికే భయం నాకు.
రంగు ఆరదు. అంచు ఉండదు.
నాలుగు మూలలూ నాలుగు దిక్కులకి లాగుతుంటాయి.

ముక్తేశ్వరం రేవు రోడ్డులో
దేవుడి పటాలకీ, పోయినవాళ్ల ఫోటోలకీ
ముప్పై ఏళ్లుగా అద్దాలు కోస్తున్నా.
అన్నీ కదలకుండా ఉండేవే.
ఈవిడవి మాత్రం
బల్ల మీద బోర్లా పెట్టినా నీళ్ల చప్పుడు.

ఆదివారం ప్రార్థన ఎగ్గొట్టి
తొలి పంటు ఎక్కుతుంది.
అటు దిగదు, ఇటు దిగదు,
కోటిపల్లికీ ఇక్కడికీ మధ్య నాలుగు తిరుగుళ్లు.
టిక్కెట్టు కుర్రాడు డబ్బులడగడం మానేశాడు.

కుంచె కన్నా
చేప పొలుసు తీసే చాకే ఎక్కువ వాడుతుంది.
చీపురు పుల్లతో గీరుతుంది.
శ్రావణంలో ఎర్రనీళ్లు దిగితే
దోసెడు ఒండ్రు రంగులో కలిపేస్తుంది.
ఆ బొమ్మ బిగించిన వారానికి
అద్దం లోపల సన్నగా మట్టి రాలి ఉంటుంది.

"కొబ్బరిచెట్టు ఒకటి, పడవ ఒకటి,
ఓ మూల సూర్యుణ్ణి పెట్టండమ్మా,
హోటలు వాళ్లు కొంటారు" అన్నాను ఓసారి.
"చెట్టు కనిపిస్తే చెట్టే వేద్దును చిట్టబ్బాయీ,
గాలి అడ్డొస్తోంది" అంది.

తొంభై ఆరు తుఫాను మర్నాడు వేసిందీ చూశాను.
చెట్టు లేదు, ఇల్లు లేదు, మనిషి లేడు.
కాగితం నిండా బొగ్గు,
ఒకే వైపుకి దువ్విన జుట్టులా.
కింద అరచేయంత తెలుపు వదిలేసింది.
అదేంటని అడగలేదు.
మా అమ్మ మాత్రం అది చూసి
కొట్టు వెనక్కి వెళ్లిపోయింది.

ఇప్పుడు చెయ్యి వణుకుతోంది.
డాక్టరు మాత్రలిచ్చాడు, వేసుకోదు.
"రెల్లు వెయ్యడానికి ఇన్నాళ్లకి కుదిరింది" అంటుంది.
నవ్వాలో వద్దో తెలీదు.

మొన్న వరదకి కొట్లో మోకాలి లోతు నీళ్లు.
దేవుళ్లని అటకెక్కించాను,
పోయినవాళ్లని ఎక్కించాను,
ఆవిడ పెద్ద బొమ్మ గోడకే ఉండిపోయింది.
నీళ్లు తీశాక చూస్తే
బొమ్మకి అడ్డంగా గోధుమరంగు గీత,
స్కేలు పెట్టి కొట్టినట్టు.

తడిగుడ్డ పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ వచ్చింది.
కళ్లజోడు తీసి, పెట్టి, మళ్లీ తీసి
గీత వెంట వేలితో ఆ కొసదాకా నడిచింది.
"నలభై ఏళ్లుగా గీస్తున్నా దీన్ని,
ఒక్కసారీ ఇంత తిన్నగా రాలేదు."
అడుగున ఉన్న తన సంతకాన్ని
గోటితో గీకేసింది.

నా డబ్బులు, పాత బాకీతో సహా
బల్ల మీద పెట్టి పంటుకి వెళ్లిపోయింది.

ఫ్రేము ఇంకా బిగించలేదు.
గీత దగ్గర చెయ్యి పెడితే
చెమ్మ తగులుతోంది.