నలభై ఏడు డిగ్రీలు

ఆనందపురంలో పూల మార్కెట్ వాసన ఆగిపోయిన చోట
మా షెడ్డు వాసన మొదలవుతుంది.
వరిగడ్డి, కోళ్ల ఎరువు, జిప్సం
పదహారు రోజులు తిరగేసి తిరగేసి కలిపినవి.
అమ్మోనియా కళ్లల్లో గుచ్చుకుంటుంటే
ఆటోవాళ్లు ఊపిరి బిగబట్టి దాటేస్తారు.
ఎర్నమ్మ మాత్రం పిడికెడు తీసి
ముక్కు దగ్గర పెట్టుకుంటుంది.
"ఇంకా పచ్చిగానే ఉన్నాది బాబూ."

నా దగ్గర మూరెడు థర్మామీటరుంది.
అరవైలో ఆరు గంటలు, ఆపైన నలభై ఏడు
అని గీతలు గీసుకున్న డైరీ ఉంది.
ఆమెకి మోచెయ్యి ఉంది.
చంటిపిల్ల నీళ్లు చూసినట్టు
ఎరువులోకి దూర్చి చూస్తుంది.

మనం నిమిషం ఓర్చుకోలేని ఆ వేడిలో
ఎవరో కాపురం పెట్టారు.
శాస్త్రం పెట్టిన పేరు చెబితే నవ్వింది.
"నోరు తిరగదు. బూజనరాదేటి?"
సరే, బూజే.
గడ్డిపరకల మీద బూడిద చల్లినట్టు పాకుతూ
ఆ ఘాటునే అన్నంగా తినే బూజు.

మూడో రాత్రి కరెంటు పోయింది.
మధురవాడ వైపు ఆకాశం మాత్రం వెలుగుతూనే ఉంది.
గాలిమర ఆగింది. అంకె ఎక్కుతోంది
యాభై, యాభై రెండు,
యాభై ఐదు.
నేను ఫోన్లో లైన్‌మన్‌ని బతిమాలుతుంటే
ఎర్నమ్మ తలుపులు బార్లా తెరిచి
భీమిలి నుంచి వచ్చే గాలికి చేటతో దారి చూపించింది.
విసురుతూనే చెప్పింది:
"మా మావ స్టీలు ప్లాంటులో, కోక్ బట్టీల కాడ.
ఇరవై రెండేళ్లు.
పని మానిపించీసిన నాడు
సలేస్తందని దుప్పటి అడిగినాడు.
మే నెల్లో."
ఇంకేం చెప్పలేదు. చేట ఆగలేదు.

ఆరో నాటికి ఘాటు లేదు.
ఉడికిన తేగల్లాంటి కమ్మటి వాసన.
ఇక ఏసీ వేయాలి, ఇరవై ఐదుకి దించాలి,
పుట్టగొడుగు విత్తనం చల్లాలి.
నెల తిరిగేసరికి సీతమ్మధార రైతుబజారులో
తెల్లటి గుండీలు, పల్చటి ప్లాస్టిక్ కింద.

"మరి ఈ బూజు?"
"చలికి ఆగిపోద్ది. దాన్ని తినే ఇవి పెరుగుతాయి."

స్విచ్చు మీద నా వేలుంది.
ఎర్నమ్మ మళ్లీ మోచేతి దాకా చెయ్యి పెట్టింది.
చాలాసేపు తియ్యలేదు.
"ఇంకా ఎచ్చగానే ఉన్నాదయ్యా,
కూసింత ఆగు."

ఆగాను.
డైరీలో ఆ అరగంట ఎదురుగా
కారణం రాయలేదు.