తప్పు కుట్టిన పుస్తకం

మండిబజార్ల అట్టలు కుట్టే యాకూబ్ చాచాకు
తెలుగు చదవరాదు.
పేజీల అంకెలేమో ఎలుకలు తిన్నయి.
బొమ్మలు చూసి, గడ్డం గోక్కొని,
తనకు తోచినట్టు పేర్చి కుట్టిండు
కరీమాబాద్ బడి బీరువాల ఉన్న
మా పెసరయ్య పుస్తకాన్ని.

పెసరయ్యంటే పెసరగింజంత మనిషి.
నెత్తికి చింతపువ్వు రుమాలు,
నడుముకు బీడీకట్ట దారం.
కాళ్లకు చెప్పుల్లేవు.
బొమ్మలేసినాయనకు అంత సన్న కుంచె దొరికుండది.

వేలుతో లెక్కబెడితే తొమ్మిదో ఆకులనే
పెసరయ్య ఇంటికొచ్చేస్తడు.
ఒళ్లంత బురద, చంకల హంస ఈక.
వాళ్లవ్వ గటక కలిపే తెడ్డు పక్కకు పెట్టి
కొంగు కొసతోని, ఒక్క కొసతోనే,
మొత్తం పిలగాన్ని తుడుస్తది.

ఆ తర్వాత వాన.
ఎనుమాముల పత్తి బస్తాలకెల్లి జారి
మోరీల పడి కొట్టుకపోతడు.
ఆ తర్వాత పందికొక్కు.
దాని పన్ను ఒక్కటే పెసరయ్యకు రెండింతలు.
ఆ పేజీ మూల కొరికింది ఎలుక కాదు, నేనే.
భయమేసి.

ఆ తర్వాత కోట.
రాతి తోరణం మీద రాతి హంస.
హంసకు చెవి ఎక్కడుంటదో ఎవరికెరుక?
రాత్రంత దాని మెడ మీద పాకి పాకి
దొరికిన చోటల్ల నోరు పెట్టి పిలుస్తడు.
తెల్లారేసరికి ఒక రెక్కకెల్లి
ఇంత సున్నం రాలుతది.

ఆఖరి ఆకుల పెసరయ్య
గడప మీద నిలబడి, వెనక్కి తిరిగి
"అవ్వా, పోయొస్త" అంటడు.
సమాప్తం.

నాకేం వింత కొట్టలే.
ప్రేయర్ లైన్ల అందరికంటె ముందు నిలబెట్టే పొట్టిదాన్ని.
కథలంటే గట్లనే ఉంటయనుకున్న:
ముందుగాల ఇల్లు చేరాలె,
ఎనుక బయలెల్లాలె.
ఏడో తరగతిల పుష్పలీల టీచర్
సరైన వరుస విప్పి చెప్తే
వారం రోజులు ఆమెతోని మాట్లాడలే.

చానా ఏండ్లకు, ఎంజీఎంల,
ఏడో నెలకే వచ్చిన నా బిడ్డ
గాజుపెట్టెల పండుకున్నది.
తూకం చీటీ మీద తొమ్మిదొందల నలభై.
నెత్తికి, సాక్సు కత్తిరించి
జయశీల సిస్టర్ కుట్టిన టోపీ.
రోజుకు పది నిమిషాలు నాకు.
పెట్టె పక్క రంధ్రంలకెల్లి ఒక్క వేలు పెట్టనిచ్చేటోళ్లు.
ఏం మాట్లాడాలె అంత చిన్న మనిషితోని?

"ఇగో బిడ్డా," అన్న,
"పెసరయ్య ఇంటికొచ్చేసిండు.
ఒళ్లంత బురద. వాళ్లవ్వ తుడుస్తున్నది."
టైమైపోయిందన్నది సిస్టర్.
మర్నాడు మళ్ల అదే ఆకు.
ఆ మర్నాడూ అదే.
వానను, పందికొక్కును
ముప్పై ఎనిమిది రోజులు ముట్టనియ్యలే.

ఇప్పుడు దానికి ఎనిమిదేండ్లు.
కథ మొత్తం తెలుసు, ఏ వరుసలనన్న చెప్తది.
పందికొక్కు కాడ మాత్రం గొంతు పెంచుతది.
ప్రేయర్ లైన్ల నువ్వే ముందా అని అడిగితే
మూతి తిప్పుకుంటది.
"రెండోదాన్ని," అంటది.
"ఉన్నది ఇంకొకతి. నాకంటె పొట్టిది."