అడగాల్సిన మాట

మొదటి రోజు క్లాసులో
గిన్నెడు పెరుగు, చెంచా, కళ్ళకి గంతలు.
పదిహేడేళ్ళ టామ్‌సిన్ నాకు తినిపించాలి.
నాకు యాభై మూడు.
చెంచా ఎప్పుడొస్తుందో తెలీదు,
వచ్చి ముక్కుకి తగిలింది.
అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.
రెండో చెంచాకి నవ్వు రాలేదు.
నోరు తెరుచుకుని చీకట్లో కాచుక్కూచోడం
ఇంత చిన్నతనమని
ఏ పాఠంలో రాసుందో గానీ
నాకు మాత్రం గడ్డం మీద కారిన పెరుగే చెప్పింది.

గ్రిమ్స్‌బీ రేవులో ముప్పైరెండేళ్ళు చేపలు కోశాను.
నిమిషానికెన్నో చెబితే కోతలనుకుంటారు.
ఫ్యాక్టరీ మూసేశాక కూడా
నా చేతులు నాలుగింటికే నిద్రలేచేవి.
లేచి ఏం చెయ్యాలో వాటికి తెలిసేది కాదు.
ఉపాధి ఆఫీసులో అమ్మాయి తలెత్తకుండానే
"సంరక్షణ కోర్సులో సీట్లు మిగిలాయి" అంది,
నిన్నటి రొట్టె చేతిలో పెడుతున్నట్టు.

ఇప్పుడు ప్లాస్టిక్ ముసలమ్మని నొప్పి తెలీకుండా పక్కకి తిప్పగలను.
ఆవిడ పేరు మిసెస్ పెటిగ్రూ.
ఎడం చెయ్యి మాటిమాటికీ ఊడొస్తుంది,
టామ్‌సిన్ ప్రతిసారీ ఆవిడకి క్షమాపణ చెప్పి తగిలిస్తుంది.

రాత్రిళ్ళు డైరీ రాయాలి.
"నీకేమనిపించింది?" అని అచ్చువేసి
కింద పేజీ అంతా ఖాళీ వదిలారు.
మా ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ ఎవర్నీ అడిగిన గుర్తు లేదు.
మూడు వారాలు "బాగుంది" అని రాశాను.
ఆడీ టీచరు ఎర్ర సిరాతో ఒక్క మాట రాసింది:
"ఎవరికి?"

పరీక్ష రోజు
స్టాలార్డ్ గారికి గడ్డం గియ్యాలి.
ఒకప్పుడు చేపల ఓడకి సరంగు.
పక్షవాతం ఆయన మాటల్ని సగానికి సగం కోసుకుపోయింది.
మూలన ఆడీ టీచరు, ఒళ్ళో కాగితాలు.
నీళ్ళ వేడి చూశాను, నురగ కలిపాను, రేజరు పట్టాను.
కత్తి నాకు కొత్త కాదు.
దానికి ముందు అడగాల్సిన మాటే కొత్త.
అన్నేళ్ళలో ఒక్క చేపనీ అడగలేదు.

"గియ్యమంటారా?"

ఆయన చాలాసేపు నా చేతులకేసే చూశాడు.
మచ్చలు గుర్తుపట్టాడో, వాసనే తగిలిందో.
ఎంత తోమినా చేప నా గోళ్ళని వదలదు.
"వద్దు" అన్నాడు.
ఆ ఒక్క మాటా ముక్కలవకుండా,
గాలివానలో డెక్కు మీంచి అరిచే గొంతుతో.

రేజరు తువ్వాలు మీద పెట్టేశాను.
మూలన కలం కదిలింది. ఏం రాసిందో చూడలేదు.
కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.
కిటికీ అవతల ఆటు తీసిన బురద,
దాని మీద ఏదో వెతుక్కుంటూ రెండు పిట్టలు.
నా అరచేతిలో నురగ
చిటచిటమంటూ ఆరిపోతోంది.

కాసేపటికి ఆయన
కదిలే చెయ్యి ఒక్కటీ జాపి
ఆ నురగ వేలితో తీసి
నా గడ్డానికి రాశాడు,
అడక్కుండానే.