మూడంగుళాల భయం

గేటు తియ్యలేను, మళ్లీ వెయ్యలేనురా అంది సువార్తమ్మ.
రెండు మోకాళ్లకీ ఆపరేషనయింది.
ఆటో గుమ్మందాకా రావాలి,
నాంచారయ్య గేదె రాకూడదు.
"అట్టాంటి గేటుందా నీ దగ్గర?"

ఉందమ్మా.
నిలబడేది కాదు, పడుకునే గేటు.

ముప్పై రెండేళ్లు రాయనపాడు వర్క్‌షాపులో
గూడ్సు వ్యాగన్ల పగుళ్లు పూడ్చినవాణ్ని.
ఇప్పుడు ఇంటెనక రేకుల షెడ్డు, ఒక వెల్డింగు మిషను, ఒక గ్రైండరు.
బట్టలారేసే తీగ కింద వంగి పోవాలి లోపలికి.

ఆటోనగర్ పాత ఇనుము కొట్లో పైపులేరాను,
ఒక్కోదాన్నీ సుత్తితో తట్టి, వింటూ.
లోపల తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది.
అడుక్కి ఏ లారీదో వెనక బంపరు,
దానిమీద సగం చెరిగిన పసుపు అక్షరాలు:
"...చూసి ఏడవకు".

సందెంత పెట్టాలి?
నాలుగున్నర పెట్టు, రెండు పైపులు మిగుల్తాయన్నాడు కొట్టతను.
మేనల్లుడు ఫోన్లో చూసి ఇంకో అంకె చెప్పాడు.
నేను టేపు పట్టుకుని నాంచారయ్య పాకలోకెళ్లాను.
గేదె గిట్ట కొలిచాను. పక్కనే దూడ,
పుట్టి ఇరవై రోజులు. కాలెత్తనిచ్చి
నా బొటనవేలు చీకబోయింది.
దాని గిట్ట అగ్గిపెట్టెకన్నా రవ్వంత పెద్దది.
"పట్టీలు చేయిస్తావా ఏంటి?" అన్నాడు నాంచారయ్య.

మూడంగుళాలు. గొయ్యి జానెడే.
జారిన కాలికి నేల తగలాలి,
తగిలితే వెనక్కి తీసుకుంటుంది.
గేదెకి లోతు తెలీదు, నలుపు తెలుసు.
భయపడితే చాలు, విరగక్కర్లేదు.

సాయంత్రమైతే వీధంతా మోటార్లేస్తారు,
వోల్టేజీ పడిపోయి రాడ్డు అతుక్కుపోతుంది.
అందుకే తెల్లారగట్ల మొదలు.
ముందు మూలమూలకీ చుక్కలు,
తర్వాత ఇటొక కుట్టు, అటొక కుట్టు.
ఒకే పక్కన పోసుకుంటూ పోయావా
ఇనుము అలుగుతుంది, అప్పడంలా లేస్తుంది.
అద్దంలోంచి లోకమంతా పచ్చటి చీకటి.
మధ్యలో గోరంత కరిగిన ఎండ,
దాన్ని తోలుకుంటూ పోవడమే,
అదిలించకుండా, ఆగనివ్వకుండా.
చల్లారాక తడితే పెంకు రాలి
కింద పొలుసు మీద పొలుసు, చేప ఒంటిలా.
రేపు మట్టివైపు ఉండేది, ఎవరూ చూడని కుట్టు.
దాన్నీ వేలితో నిమిరాను.

ఆ రాత్రి కళ్లనిండా ఇసక.
రెండు చుక్కలు అద్దం లేకుండా పెట్టానని ఒప్పుకోలేదు.
సరోజిని తిట్టుకుంటూనే
పచ్చిపాలలో దూది ముంచి రెప్పలమీద వేసింది.
"ఎవరి పాలు?"
"ఎవరివేంటి, నాంచారయ్య గేదెవే."
చల్లగా కారి చెవుల్లోకి పోయాయి.
చాలాసేపు పక్క మీద మసిలాను.

రెడ్ ఆక్సైడు రెండు పూతలు.
ఆఖర్లో ఒక ఆలోచన:
సువార్తమ్మ చేతికర్ర సందుల్లో దిగబడదూ?
ఓ పక్కగా అడుగున్నర వెడల్పు గళ్ల రేకు అతికాను,
మనిషి పట్టేంత, గేదె పట్టనంత.

మంగళవారం పరిచాం. ఆటో గలగలమంటూ దాటింది.
నేనూ ఓసారి నడిచాను. చేసినవాణ్నే,
పాదం మాత్రం పైపులు లెక్కపెట్టుకుంది.
మధ్యాహ్నం గేదె వచ్చింది.
మూతి దించి ఇనుము వాసన చూసింది,
బుస్సుమని ఊది, వెనక్కి మళ్లింది.
గెలిచానని ఇంట్లో చెప్పలేదు.

నాలుగోరోజు సువార్తమ్మ ఫోను.
"పెద్దదాగింది గానీ, ఒరే,
చిన్నది నా దారమ్మటే నడిచొచ్చింది,
నా కంటే కుదురుగా."
రేకు ఊడబీకమంటారా అమ్మా అన్నాను.
ఆవిడ పలకలేదు.
ఫోన్లో ఏదో నమిలే చప్పుడు.
బంతి పూలవేళ.

"ఎందుకులేరా, నెల తిరిగితే
అదే పట్టదు."